పాత మారుతి 800కి తక్కువ ఖర్చులో ఏసీ పెట్టించడం ఎలా?

మార్చి దాటిందంటే అమలాపురం నుంచి భీమవరం దాకా అందరిదీ ఒకటే ప్రశ్న. "నాన్ ఏసీ 800 ఉందండి. ఇంజిన్ గట్టిగానే ఉంది, అమ్మబుద్ధి కావట్లేదు. ఏసీ పెట్టించొచ్చా? ఎంతలో అయిపోద్ది?" కొందరి దగ్గర ఓమ్ని ఉంటుంది, కొందరి దగ్గర పాత జెన్. అడిగేది మాత్రం అదే. అందుకే పని మొత్తం వరుసగా రాస్తున్నాను. మారుతి 800ని ఉదాహరణగా తీసుకున్నాను. 1983 చివర్లో వచ్చి 2014 దాకా తయారైన బండి కాబట్టి దాని సామాను ఇంకా దొరుకుతోంది, చేతులు తిరిగిన మెకానిక్‌లూ ఉన్నారు. మిగతా పాత చిన్న కార్లకీ పద్ధతి ఇదే.

పెట్టించవచ్చు, పనిచేస్తుంది కూడా. అయితే మన వైపు కారు ఏసీకి రెండు అదనపు కష్టాలున్నాయి. ఒకటి, గాలిలో తేమ. ఏసీ శక్తిలో పెద్ద భాగం గాలిని చల్లబరచడానికి కాకుండా అందులోని నీటిని పిండడానికే పోతుంది. రెండోది, మన రోడ్లు. కాలవ గట్టు మీద కొబ్బరికాయల ట్రాక్టర్ వెనకాల ఇరవైలో పోవడం, సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళని గోదావరి దాటించే పడవ) కోసం ఇంజిన్ ఆపకుండా నిలబడటం మనకి మామూలే. అలాంటప్పుడు ముందు నుంచి గాలి తగలదు. కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే ముందు జాలీ) చల్లబడకపోతే ఎంత మంచి కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) ఉన్నా లోపలికి వచ్చేది గోరువెచ్చని గాలే. అందరూ కంప్రెసర్ దగ్గర బేరాలాడి, కండెన్సర్ దగ్గరా ఫ్యాన్ దగ్గరా రాజీపడతారు. నేను చెప్పేది దానికి తిరగేసి: కంప్రెసర్ సెకండ్ హ్యాండ్‌ది తీసుకోండి, ఆ మిగిలిన డబ్బు కండెన్సర్‌కీ ఫ్యాన్‌కీ పెట్టండి.

ముందు ఇది తేల్చుకోండి

ఆర్సీ తీసి చూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకి అయిపోతుంది, ఆ తర్వాత ఐదేసి ఏళ్ళకి రెన్యువల్ చేయించాలి. ఏడాదిలోపు గడువు ముగిసేలా ఉంటే ముందు ఆ పని కానివ్వండి. ఫిట్‌నెస్‌లో ఫెయిలయ్యే బండికి ఏసీ దండగ.

ఇంజిన్ చూడండి. 800లో ఉన్నది 796 సీసీ ఇంజిన్, చాలా మోడళ్ళలో దాని శక్తి 40 హార్స్‌పవర్ లోపే. ఏసీ ఆన్ చేస్తే అందులో రెండు మూడు హార్స్‌పవర్ కంప్రెసరే తినేస్తుంది. ఇప్పటికే ఆయిల్ తాగుతున్నా, మధ్యాహ్నం వేళ టెంపరేచర్ ముల్లు సగం దాటుతున్నా ముందు ఇంజిన్ పని చేయించాలి.

ఫ్లోర్ తుప్పు, సైలెన్సర్ లీకులు చూడండి. ఇది చాలామంది పట్టించుకోరు. ఇన్నాళ్ళూ అద్దాలు దించి నడిపారు కాబట్టి సైలెన్సర్ పొగ కొంచెం లోపలికి వచ్చినా బయటికి పోయింది. ఇకమీదట అద్దాలు ఎత్తి కూర్చుంటారు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన తెలియదు, ప్రాణం తీస్తుంది. ఓమ్నిలో ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది కనుక ఇంకా జాగ్రత్త. మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ నుంచి చివరి పైపు దాకా చూపించి, ఫ్లోర్‌లో రంధ్రాలుంటే మూయించాకే ఏసీ మాట.

ఖర్చు అంచనా వేయండి. ధరలు విజయవాడలో ఒకటి, కాకినాడలో ఒకటి ఉంటాయి కాబట్టి రూపాయల్లో రాయడం లేదు. నా లెక్క ఒక్కటే: సామాను, కూలి, గ్యాస్ అన్నీ కలిపి బండి ఇవాళ్టి అమ్మకం ధరలో మూడో వంతు దాటితే ఆగండి. అదే మోడల్‌లో కంపెనీ ఏసీ ఉండి, అది పాడై ఉన్న బండి ఎక్కడైనా అమ్మకానికి ఉందేమో చూడండి. మీ బండి ఇచ్చి కొంచెం కలిపి అది తీసుకుని బాగుచేయించుకోవడం చాలాసార్లు చవక. బ్రాకెట్లు, పైపులు, వైరింగ్ అన్నీ దాంట్లోనే ఉంటాయి.

డ్యాష్‌బోర్డు మీద పెట్టే నీళ్ళ కూలర్లు, ఐస్ డబ్బా ఫ్యాన్లు కొనకండి. నీళ్ళు ఆవిరి చేసి చల్లబరిచేవి పొడి గాలి ఉన్న చోట పనిచేస్తాయి. కోనసీమలో అవి ఉన్న ఉక్కకి మరికాస్త ఉక్క కలుపుతాయి. లారీ క్యాబిన్లకి పెట్టే బ్యాటరీ ఏసీలు కూడా వద్దు. చిన్న కారు ఆల్టర్నేటర్ ఆ కరెంటు ఇవ్వలేదు.

ఏమేం కావాలి

సెకండ్ హ్యాండ్ పర్వాలేదు: కంప్రెసర్ (కరెంటు ఇస్తే దాన్ని బెల్టుకి కలిపే మ్యాగ్నెటిక్ క్లచ్‌తో సహా), దాని బ్రాకెట్, బోల్టులు, క్రాంక్ పుల్లీ, టెన్షనర్ పుల్లీ, కూలింగ్ కాయిల్ (లోపలి గాలిని చల్లబరిచేది) బాక్సు, అల్యూమినియం పైపులు, ఏసీ స్విచ్, థర్మోస్టాట్ (కాయిల్ మరీ చల్లబడితే కంప్రెసర్‌ని ఆపేది), ఐడిల్ అప్ సామాను (ఏసీ వేసినప్పుడు ఐడిల్ వేగం పెంచేది).

కొత్తవే కావాలి: కండెన్సర్, కండెన్సర్ ఫ్యాన్, డ్రయ్యర్ (గ్యాస్‌లోని తేమని పీల్చేది), ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కాయిల్‌లోకి గ్యాస్‌ని కొలిచి వదిలేది), ఓ రింగులు అన్నీ, బెల్టు, ప్రెషర్ స్విచ్, రిలేలు, ఫ్యూజులు. రబ్బరు హోస్‌లు పగుళ్ళు లేకపోతే పాతవి వాడొచ్చు గానీ, నన్నడిగితే కొత్తవే.

వీటితో పాటు సరిపడా పీఏజీ ఆయిల్ (కంప్రెసర్‌లో పోసేది), ఆర్ 134ఏ గ్యాస్ (ఏసీలో తిరిగి చల్లబరిచేది). పనివాళ్ళ దగ్గర గేజ్ సెట్, వ్యాక్యూమ్ పంపు, నైట్రోజన్ సిలిండర్, గ్యాస్ తూచే కాటా ఉన్నాయో లేదో ముందే అడగండి. కాటా లేని షాపులో గ్యాస్ కొట్టించకండి.

1. సెట్టు వెతకడం

ఒకే మోడల్ బండి నుంచి విప్పిన పూర్తి సెట్టు తీసుకోండి. విజయవాడ ఆటోనగర్ దీనికి మంచి చోటు. రాజమండ్రి, కాకినాడ స్క్రాప్ షాపుల్లోనూ దొరుకుతాయి. కంప్రెసర్ ఒక చోట, బ్రాకెట్ ఇంకో చోట కొంటే రెండూ కుదరక లేత్ పనికి తిరగాలి.

సముద్రం దగ్గర తిరిగిన బండి సామాను వద్దు. అంతర్వేది, ఉప్పాడ లాంటి చోట ఉప్పు గాలికి అల్యూమినియం తెల్లగా పొడి రాలుతుంది. రొయ్యల చెరువుల మధ్య తిరిగిన బళ్ళదీ అదే పరిస్థితి. హైదరాబాద్ వైపు తిరిగిన బండిదైతే మేలు. కూలింగ్ కాయిల్‌ని వెలుతురుకి పెట్టి చూడండి. తెల్ల పొడి, పచ్చని నూనె మరకలు ఉంటే వదిలేయండి. నూనె మరక ఉందంటే అక్కడ గ్యాస్ లీకు ఉన్నట్టే.

బాగా పాత సెట్టు అయితే అది ఆర్ 12 గ్యాస్‌దేమో చూడండి. మన దేశంలో 2010 నాటికే ఆ గ్యాస్ తయారీ ఆపేశారు. దాంట్లో వాడే మినరల్ ఆయిల్ ఆర్ 134ఏ గ్యాస్‌తో కలవదు. గ్యాస్ ఎక్కించే నాజిల్‌కి మామూలు మర ఉంటే ఆర్ 12, నొక్కితే టక్కున పట్టే రకం అయితే ఆర్ 134ఏ. ఆర్ 12 సెట్టు ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

విప్పే ముందు ప్రతి జాయింటూ ఫోన్లో ఫోటో తీయండి. విప్పిన వెంటనే పైపుల మూతులు ప్లాస్టిక్ కవరుతో బిగించి కట్టించండి. చిన్న క్లిప్పులు, వాషర్లు, డ్రెయిన్ పైపు కూడా అడిగి తెచ్చుకోండి. అవే తర్వాత దొరకవు.

2. కంప్రెసర్ పరీక్ష

కంప్రెసర్ వంచి లోపలి ఆయిల్ గాజు గ్లాసులోకి తీయండి. తేటగా ఉంటే మంచిది. నల్లగా ఉన్నా, వెలుతురులో లోహపు మెరుపు కనిపించినా ఆ కంప్రెసర్ పనికిరాదు. దాని బండిలోంచి వచ్చిన మిగతా సామానులోనూ ఆ పొడి ఉంటుంది కాబట్టి మొత్తం సెట్టే వదిలేయండి.

క్లచ్ ముందు భాగాన్ని చేత్తో తిప్పండి. కొంచెం బరువుగా, నున్నగా తిరగాలి. గరగరమంటే వద్దు. క్లచ్ వైరుకి 12 వోల్టులు ఇస్తే టక్‌మని పట్టుకోవాలి. డిశ్చార్జ్ మూతి (గ్యాస్ బయటికి పోయే వైపు) మీద బొటనవేలు పెట్టి తిప్పితే వేలిని నెట్టాలి.

తీసిన ఆయిల్ ఎంతుందో కొలిచి, మొత్తంగా ఎంత ఉండాలో కంప్రెసర్ స్టిక్కర్ చూసి కొత్త పీఏజీ ఆయిల్ పోయాలి. ఈ ఆయిల్ గాలిలోని తేమని పీల్చేస్తుంది. డబ్బా తెరిచాక వెంటనే మూయాలి. ఎప్పుడో సగం వాడి మూత సరిగ్గా పెట్టని డబ్బాలోంచి పోయనివ్వకండి.

3. ఇంజిన్ చల్లదనం

రేడియేటర్ రాడింగ్ (గొట్టాల లోపలి మడ్డి తీయడం) చేయించండి. ఇంజిన్ థర్మోస్టాట్ వాల్వ్ పీకేసి ఉంటే మళ్ళీ పెట్టించండి. హోస్‌లు, రేడియేటర్ మూత కొత్తవి వేయండి, నీళ్ళకి బదులు కూలెంట్ పోయండి. ఇవన్నీ అయ్యాక ఏసీ లేకుండా బండిని ఎండలో పావుగంట ఐడిల్‌లో ఉంచండి. అప్పుడే వేడెక్కితే ముందుకి పోవద్దు.

4. బ్రాకెట్, పుల్లీ, బెల్టు

కంపెనీ బ్రాకెట్ ఇంజిన్ మీద ఉన్న రంధ్రాలకే బిగుస్తుంది. దొరకలేదని యాంగిల్ ముక్కలతో వెల్డింగ్ చేసిస్తామంటారు, ఒప్పుకోవద్దు. మూడు సిలిండర్ల ఇంజిన్ వైబ్రేషన్‌కి ఆ వెల్డింగ్ పగిలిపోతుంది, కంప్రెసర్ వేలాడుతుంది.

క్రాంక్ పుల్లీకి రెండో గాడి ఉందో లేదో చూడండి, లేకపోతే ఏసీ మోడల్ పుల్లీ వేయాలి. రెండు పుల్లీల ముఖాలకీ స్టీలు స్కేలు ఆనించి చూస్తే సందు ఉండకూడదు. బెల్టుని మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరు దాకా లోపలికి పోవాలి. అంతకన్నా బిగువుంటే బేరింగ్ పోతుంది. వదులైతే వర్షంలో కీచుమంటుంది.

5. కండెన్సర్, ఫ్యాన్: ఇక్కడే ఖర్చుపెట్టండి

పాత రకం మెలికల గొట్టం కండెన్సర్ కాకుండా, సన్న గొట్టాలు పక్కపక్కన ఉండే ప్యారలల్ ఫ్లో కండెన్సర్ తీసుకోండి. అంతే చోటులో ఎక్కువ వేడి వదులుతుంది. గ్రిల్ వెనక పట్టేంత వరకూ పెద్ద సైజు ఎంచుకోండి.

దాన్ని రేడియేటర్‌కి అంటించకుండా రెండు వేళ్ళ సందు వదిలి, రబ్బరు బుష్‌ల మీద బిగించాలి. ఆ సందు చుట్టుపక్కల ఖాళీలని ఫోమ్ పట్టీలతో మూయండి. ఇది చేయకపోతే బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ వేడిగాలి పక్కల నుంచి మళ్ళీ ముందుకి వచ్చి అదే కండెన్సర్‌లోకి పోతుంది. పైసా ఖర్చు లేని పని, పది షాపుల్లో ఒక్కరు చేస్తే గొప్ప.

ఫ్యాన్ కండెన్సర్ ముందు పెడితే గాలిని వెనక్కి నెట్టాలి, వెనక పెడితే ముందు నుంచి లాగాలి. వైర్లు తిరగేస్తే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది కానీ గాలి వ్యతిరేక దిశలో పోతుంది. పరీక్ష తేలిక: ఫ్యాన్ ఆన్ చేసి గ్రిల్ ముందు ఒక కాగితం పెట్టండి. గ్రిల్‌కి అతుక్కోవాలి. ఎగిరి మీ మీదికి వస్తే వైర్లు మార్చండి. ఫ్యాన్‌ని కండెన్సర్ రెక్కల్లోంచి దూర్చే ప్లాస్టిక్ టైలతో కట్టనివ్వకండి, కొన్నాళ్ళకి రాపిడికి గొట్టం చిల్లుపడుతుంది. బ్రాకెట్‌తో బాడీకే బిగించాలి.

6. కూలింగ్ కాయిల్ బాక్సు, నీళ్ళు పోయే దారి

800లో ఈ బాక్సు గ్లవ్ బాక్సు వెనక, బ్లోయర్‌కి పక్కన కూర్చుంటుంది. బిగించే ముందు కాయిల్‌ని మెత్తటి బ్రష్‌తో, సబ్బు నీళ్ళతో కడిగి ఎండబెట్టండి. కడిగేటప్పుడు పైపు మూతులు మూసి ఉండాలి. కొత్త ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఇప్పుడే వేయాలి. దానికి సన్న గొట్టం చివర బల్బు ఉండే రకమైతే ఆ బల్బు కాయిల్ నుంచి బయటికి వచ్చే పైపుకి గట్టిగా ఆనాలి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టాలి. బల్బు గాలిలో వేలాడితే వాల్వ్ తప్పు లెక్క కడుతుంది.

చల్లని నీళ్ళ చెంబుకి బయట పట్టే చెమట లాంటిదే కాయిల్ మీదా పడుతుంది. మన దగ్గర అది చాలా ఎక్కువ. బండి నిలిపిన చోట మడుగు కడితే సంతోషించాలి, నీళ్ళు బయటికి పోతున్నాయన్నమాట. ఆ మడుగు లోపల ఎడమ సీటు ముందున్న మ్యాట్ మీద కడితే డ్రెయిన్ మూసుకుందని అర్థం. డ్యాష్‌బోర్డు బిగించక ముందే బాక్సులో ఒక గ్లాసు నీళ్ళు పోసి, చుక్క కూడా లోపల నిలవకుండా బండి కింద కారుతోందో లేదో చూడండి. డ్రెయిన్ పైపు కిందికి వాలుగా ఉండాలి, మధ్యలో మడత పడకూడదు.

7. పైపులు

ప్రతి జాయింటుకీ కొత్త ఓ రింగు, ఆర్ 134ఏకి పనికొచ్చేది. వేసే ముందు పీఏజీ ఆయిల్‌లో ముంచాలి, గ్రీజు రాయకూడదు. అల్యూమినియం జాయింట్లు రెండు పానాలతో బిగించాలి, ఒక్కదాంతో తిప్పితే పైపు మెలి తిరుగుతుంది. హోస్‌ల చివర్లు ప్రెస్ మెషీన్‌తో క్రింప్ చేయించాలి. మామూలు హోస్ క్లిప్పు ఆ ప్రెషర్‌ని ఆపదు. పైపులు సైలెన్సర్‌కీ బెల్టుకీ దూరంగా పోవాలి.

డ్రయ్యర్ అన్నిటికంటే చివర. దాని లోపల తేమని పీల్చే గుళికలుంటాయి. మూతలు తీసిన క్షణం నుంచి మన గాలిలోని తేమని పీలుస్తూనే ఉంటుంది. పొద్దున్నే మూత తీసి పక్కన పెట్టి, సాయంత్రం బిగిస్తే కొత్త డ్రయ్యర్ వేసినా ఒకటే, పాతది ఉంచినా ఒకటే. మిగతా జాయింట్లన్నీ బిగిశాక, మీ కళ్ళముందే మూతలు తీయించి వెంటనే బిగించమనండి.

8. వైరింగ్

బ్యాటరీ పక్కనే ఫ్యూజు. ఫ్యాన్‌కి ఒక రిలే, కంప్రెసర్ క్లచ్‌కి ఒక రిలే. క్లచ్ పట్టుకున్నప్పుడల్లా ఫ్యాన్ తిరగాలి. క్లచ్ లైను ప్రెషర్ స్విచ్ గుండా, థర్మోస్టాట్ గుండా పోవాలి. ప్రెషర్ స్విచ్‌ని షార్ట్ చేసి కలిపేసే అలవాటు కొందరికి ఉంది, ఫ్యాన్ ఆగిపోయిన రోజు పైపు పేలుతుంది.

కార్బురేటర్ బండికి ఐడిల్ అప్ సామాను తప్పనిసరి, లేకపోతే ఏసీ వేయగానే సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది. ఎంపీఎఫ్ఐ (పెట్రోల్ ఇంజెక్షన్) బండికి ఏసీ ఆన్ అయిందన్న సిగ్నల్ ఈసీఎంకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కి వెళ్ళాలి. అది ఎక్కడ కలపాలో తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

ఆల్టర్నేటర్ సంగతి కూడా ఇప్పుడే తేలుతుంది. రాత్రి పూట హెడ్‌లైట్లు, బ్లోయర్ ఫుల్, కండెన్సర్ ఫ్యాన్ అన్నీ ఆన్ చేసి, కొంచెం రేస్ ఇచ్చి బ్యాటరీ మీద మల్టీమీటర్ పెట్టండి. 13.5 వోల్టుల పైన ఉంటే సరే. 13కి దిగితే ఏసీ మోడల్ ఆల్టర్నేటర్ వేయాలి.

9. లీకు పరీక్ష

నైట్రోజన్ 150 పీఎస్ఐ దాకా ఎక్కించి అరగంట వదిలేయాలి. ముల్లు కదలకూడదు. ప్రతి జాయింటుకీ సబ్బు నురగ రాసి బుడగలు చూడాలి.

గ్యాస్ వెల్డింగ్ షాపు పక్కనే ఉంది కదా అని ఆక్సిజన్ ఎక్కించడానికి అస్సలు ఒప్పుకోవద్దు. ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్ ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది. టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ గాలీ వద్దు, అందులో నీళ్ళుంటాయి.

10. వ్యాక్యూమ్

"గ్యాస్ కొట్టేస్తే సరిపోద్దండి" అనే షాపు నుంచి లేచి వచ్చేయండి. వ్యాక్యూమ్ పెట్టేది గాలి తీయడానికి మాత్రమే కాదు, లోపల ఇంకిన తేమని ఆవిరి చేసి లాగడానికి. మన 30 డిగ్రీల గాలిలో నీళ్ళు ఆవిరి కావాలంటే గేజ్ ముల్లు వ్యాక్యూమ్ వైపు 28.5 అంగుళాలు దాటాలి. చాలా చోట్ల పాత ఫ్రిజ్ కంప్రెసర్‌ని పంపుగా వాడతారు, అరిగిన దాంతో అక్కడి దాకా పోవడం కష్టం. సరైన పంపుతో ముల్లు 29కి పోయాక కూడా గంట సేపు నడవనివ్వండి. ముసురు పట్టిన రోజు కాకుండా ఎండ రోజు పెట్టుకోండి. తర్వాత వాల్వులు మూసి పంపు ఆపి అరగంట చూడండి. ముల్లు కిందికి జారితే లీకు ఉన్నట్టు, మళ్ళీ తొమ్మిదో పనికి వెళ్ళాలి.

11. గ్యాస్

గ్యాస్ తూకంతో ఎక్కించాలి. ఏ బండి నుంచి సెట్టు విప్పారో దాని బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాములు ఉంటాయి, చిన్న కార్లకి సాధారణంగా అర కిలో అటూ ఇటూ. కండెన్సర్ మారింది కాబట్టి ఆ లెక్కకి కొంచెం తక్కువ దగ్గర ఆగి, గేజ్ చూస్తూ కొద్దికొద్దిగా పెంచమనండి.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు లో ప్రెషర్ వైపు నుంచే, డబ్బా నిలువుగా పట్టుకుని ఎక్కించాలి. బోర్లిస్తే ద్రవం పోయి కంప్రెసర్ విరుగుతుంది. కంప్రెసర్ తిరుగుతుండగా హై ప్రెషర్ వైపు గేజ్ వాల్వు తెరిస్తే ఆ ప్రెషర్ డబ్బాలోకి వచ్చి డబ్బా పేలుతుంది. కళ్ళద్దాలు, గ్లవ్స్ ఉండాలి. దగ్గరలో బీడీ, సిగరెట్, వెల్డింగ్ ఉండకూడదు: ఈ గ్యాస్ మంట తగిలితే విషవాయువు అవుతుంది.

చవకని కొందరు వంట గ్యాస్ కలిపిన మిశ్రమం కొడతారు. డ్యాష్‌బోర్డు వెనక కాయిల్ లీకైతే క్యాబిన్ నిండా మండే గ్యాస్ ఉంటుంది. అసలు ఆర్ 134ఏనో కాదో డబ్బా దగ్గరే కొంతవరకూ కనిపెట్టవచ్చు. నీడలో రాత్రంతా ఉంచిన డబ్బాకి గేజ్ పెడితే 28 డిగ్రీల దగ్గర 90 పీఎస్ఐ, 30 డిగ్రీల దగ్గర 97 పీఎస్ఐ ప్రాంతంలో చూపించాలి. బాగా తేడా ఉంటే అది వేరే ఏదో.

12. ఫలితం చూసుకోవడం

మధ్యాహ్నం పూట, తలుపులు తెరిచి, బ్లోయర్ ఫుల్ పెట్టి, ఇంజిన్‌ని 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి పది నిమిషాలాగి గేజ్ చూడండి. 35 డిగ్రీల ఎండలో లో వైపు 25 నుంచి 40 పీఎస్ఐ, హై వైపు 200 నుంచి 250 మధ్య ఉంటే బాగున్నట్టు. తేడాలొస్తే ఇలా చదవండి:

రెండూ తక్కువ: గ్యాస్ తక్కువ.
రెండూ ఎక్కువ: గ్యాస్ ఎక్కువైంది, లేదా కండెన్సర్‌కి గాలి చాలట్లేదు.
లో ఎక్కువ, హై తక్కువ: కంప్రెసర్ అరిగింది.
లో సున్నా కిందికి పోయి, కాసేపు ఆపితే మళ్ళీ మామూలు: లోపల తేమ ఉంది, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకడుతోంది. డ్రయ్యర్ మార్చి మళ్ళీ వ్యాక్యూమ్ పెట్టాలి.

రెండూ ఎక్కువ వచ్చినప్పుడు గ్యాస్ తీసేయకుండా ముందు ఒక పని చేయండి. కండెన్సర్ మీద మగ్గుతో నీళ్ళు పోయండి. హై ముల్లు గబగబా దిగి లోపల చల్లదనం పెరిగితే లోపం గ్యాస్‌ది కాదు, ఫ్యాన్‌దో ఫోమ్ పట్టీలదో.

తర్వాత తలుపులు మూసి, లోపలి గాలే తిరిగేలా పెట్టి, మధ్య వెంట్‌లో థర్మామీటర్ దూర్చండి. 8 నుంచి 12 డిగ్రీలు వస్తే చాలా బాగున్నట్టు. బాగా ఉక్కపోసే రోజున 14 వచ్చినా తప్పుపట్టకండి. అసలైన పరీక్ష మాత్రం నిలబడి ఉన్నప్పుడే. ఐడిల్‌లో పావుగంట ఉంచి, ఇంజిన్ ముల్లు, వెంట్ టెంపరేచర్ రెండూ చూశాకే డబ్బులివ్వండి. షాపు ముందు రోడ్డు మీద అరవైలో తిప్పి చూపిస్తే ఏ ఏసీ అయినా చల్లగానే ఉంటుంది.

ఇంకో తికమక ఉంది. అరగంట చల్లగా ఉండి, తర్వాత గాలి రావడమే తగ్గిపోతే కాయిల్ మీద ఐసు కట్టింది. థర్మోస్టాట్ కటాఫ్ సరిచేయాలి, గ్యాస్ జోలికి పోవద్దు. గాలి బాగానే వస్తూ వేడిగా ఉంటే అది పైన చెప్పిన తేమ గొడవ. ఈ రెంటికీ మందు ఒకటే అన్నట్టు గ్యాస్ ఇంకాస్త కొట్టి పంపేవాళ్ళే ఎక్కువ.

క్యాబిన్ సంగతి

నాన్ ఏసీ బండికి డోర్ బీడింగులు ఎండిపోయి ఉంటాయి, ఫైర్‌వాల్‌లో వైర్లు దూరే రంధ్రాలు తెరిచే ఉంటాయి. ఆ సందుల్లోంచి వచ్చే తేమ గాలిని ఏసీ రోజంతా పిండుతూ కూర్చుంటుంది. బీడింగులు మార్చండి, రంధ్రాలకి రబ్బరు గ్రోమెట్లు వేయండి, రూఫ్ లైనింగ్ విప్పినప్పుడు పైన వేడి ఆపే ఫోమ్ షీటు అంటించండి. తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చే పని మరొకటి లేదు.

మైలేజీ లీటరుకి ఒకటి రెండు కిలోమీటర్లు తగ్గుతుంది. వంతెన ఎక్కేటప్పుడు పికప్ చాలకపోతే కాసేపు స్విచ్ ఆపండి, బండికి ఏమీ కాదు. ఇన్సూరెన్స్ రెన్యువల్‌లో ఏసీ తర్వాత పెట్టించామని చెప్పి రాయించుకోండి.

మొదటి వారం తర్వాత బెల్టు బిగువు మళ్ళీ చూడాలి, కొత్త బెల్టు సాగుతుంది. దాళ్వా (రబీ వరి) కోతల రోజుల్లో రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం మీదుగా పోతే పొట్టు, గడ్డి పరకలు కండెన్సర్‌లో ఇరుక్కుంటాయి. వారానికోసారి మామూలు పైపు నీళ్ళతో కడగండి, వాటర్ సర్వీస్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. సముద్రం వైపు వెళ్ళొచ్చిన రోజు కూడా అంతే. వానాకాలం, చలికాలం ఏసీ అవసరం లేకపోయినా వారానికి పది నిమిషాలు వేయండి. కంప్రెసర్ సీలుకి ఆయిల్ అందకపోతే అది ఎండి, ఎండాకాలం వచ్చేసరికి గ్యాస్ మొత్తం పోయి ఉంటుంది.